మతముల లెక్క: ఏ యంకెను నమ్మవలయును?

(ద్వారకా తిరుమల పఠనమందిరమున జరిగిన యుపన్యాస పాఠము)



ఈ వేదికమీద నన్ను మరల నిలువబెట్టుట కార్యదర్శిగారి సహనమునకు గుర్తు. రెండేండ్లక్రింద నిచ్చటనే మాటలాడుచు, మన జిల్లాలో క్రైస్తవులు నూటికి ఇరువదియైదుగురికి తక్కువ లేరని నేను నిస్సంకోచముగా జెప్పితిని. సభ ముగిసినపిమ్మట వెనుకబల్లమీద గూర్చున్న యొక కుఱ్ఱవాడు దగ్గరకు వచ్చి, "మాష్టారూ, ఆ యిరవై యైదు ఎక్కడిదండీ?" అని యడిగెను. "పుస్తకములో నున్నది, బాబూ" అంటిని. "ఏ పుస్తకమండీ?" అనెను. రేపు చెప్పెదనని తప్పించుకొంటిని. ఇంటికి బోయి కాగితములన్నియు దిరుగవేయగా నది పుస్తకము గాదు. ఏలూరు బస్సుస్టాండులో నెవరో చేతబెట్టిన కరపత్రము. దానిపై వ్రాసినవారి పేరు లేదు. ఏ యేటి లెక్కయో లేదు. ఎవరు లెక్కించిరో లేదు. ముప్పదేండ్లు బడిపిల్లలకు లెక్కలు చెప్పి, దారి చూపని జవాబునకు మార్కులు లేవని వారిని బెదరించినవాడను నేనే!

కొన్నాళ్లకు రెండవ కరపత్రము వచ్చినది. అందులో క్రైస్తవులు నూటికి ఒక్కరేయనియు, చర్చికి బోవు తక్కినవారందరు ప్రభుత్వమును మోసగించుచున్నారనియు నుండెను. మొదటిదానిని చేతబట్టి యొకరు, రెండవదానిని చేతబట్టి వేరొకరు మన బజారులో టీకొట్టు దగ్గర కేకలు వేసికొనుట మీరును జూచితిరి. ఒకరి చేత ఇరువదియైదు, ఒకరి చేత ఒకటి. ఈ రెండంకెల నడుమ మన పాలెములలోని వేలకొలది కుటుంబముల పరువును, వారి పిల్లల చదువును, ఉద్యోగమును జిక్కుకొనియున్నవి. ఆ కుఱ్ఱవాని ప్రశ్నకు ఆలస్యముగానైనను సమాధానము చెప్పుటకే నేడు వచ్చితిని.

మొదట కంటిలెక్కను గూర్చి యొకమాట. మన యూరు చిన్న తిరుపతి. వైశాఖమున నొకసారి, ఆశ్వయుజమున నొకసారి స్వామికి తిరుకల్యాణోత్సవములు జరుగును. ఆ దినములలో మెట్లమీద నిలుచున్నవానికి లోకమంతయు నామములు దిద్దుకొని కొండ కెక్కుచున్నట్లు తోచును. గౌరీపట్నము నిర్మలగిరి యుత్సవమునకు బోయినవానికి లోకమంతయు మరియమాత పాదములచెంతనే యున్నట్లు తోచును. గుణదల తిరునాళ్లలో తలనీలాలిచ్చువారిలో హిందువు లెందరో, దర్గాలలో ఫాతిహా చదివించువారిలో బొట్టుపెట్టుకొన్న యిల్లాండ్రెందరో మన కందరకు దెలిసినదే. మన తెలుగుదేశమున మ్రొక్కుబడి వేరు, మతము వేరు. కాబట్టి జనసమ్మర్దమును జూచి మతసంఖ్య గట్టువాడు సంతలోని బండ్లను లెక్కించి యూరిలోని యిండ్ల సంఖ్య చెప్పువానివంటివాడు.

కట్టడములను లెక్కించుటయు నంతే. దేవాదాయ శాఖవారి యొద్ద దేవాలయముల జాబితా గలదు. 1987 నాటి చట్టములోని ఆరవ సెక్షను క్రింద నవి యాదాయమునుబట్టి తరగతులుగా విభజింపబడినవి. వక్ఫు బోర్డువారి యొద్ద ఆస్తుల జాబితా గలదు. ఇవి భూములకు, హుండీలకు, అద్దెలకు నమ్మదగిన లెక్కలు. మనుష్యుల మాట వానిలో లేదు. భాషనుబట్టి లెక్కగట్టుట మరియొక పొరపాటు. ఉర్దూ మాటలాడువారే ముస్లిములనుకొన్నచో, తరతరములుగా నింట తెలుగే మాటలాడు దూదేకులవారు లెక్కకు రాకపోదురు.

ఇక తలలను లెక్కించు పని. మన దేశమున నింటింటికి దిరిగి, ప్రతి మనుష్యుని మతమును వ్రాసికొను గ్రంథము జనాభా లెక్క యొక్కటియే. 1871-72లో మొదటిసారి జరిగినది గాని, అన్ని రాష్ట్రములలో నొకేనాడు జరుగలేదు. దేశమంతట నొక్క రాత్రిని ప్రమాణముగా బెట్టుకొని లెక్కించుట 1881 ఫిబ్రవరి 17తో నారంభమైనది. నాటినుండి 2011 వరకు పదేండ్ల కొకసారి తప్పక జరిగినది. 2021లో జరుగవలసినది మహమ్మారివలన నాగినది. 2027 మార్చి 1 వ తేదీని ప్రమాణముగా బెట్టి తరువాతి లెక్క జరుపుటకు 2025 జూన్ 16న ప్రకటన వెలువడినది. అనగా, నేడు మతసంఖ్య చెప్పువాడెవడైనను, దేశము మొత్తమునకు సంపూర్ణమైన లెక్క గావలసినచో 2011కే పోవలయును. "మొన్న విడుదలైన లెక్క" యని యెవరైన నన్నచో, ఏదియని యడుగుడు.

2011 మతపట్టికలు 2015 ఆగస్టులో వెలువడినవి. వానికి సి-1 పట్టికలని పేరు. వానిలో రాష్ట్రము, జిల్లా, మండలము, పట్టణము వరకు లెక్క దొరకును. గ్రామవారీగా మతసంఖ్యను ప్రచురింపలేదు. గ్రామపట్టికలలో షెడ్యూల్డు కులములు, తెగలు, అక్షరాస్యులు, పనివారు మొదలగువా రుందురు. మతము మాత్ర ముండదు. కావున "సెన్ససు ప్రకారము మీ యూరిలో ఇందరు ఫలాని మతమువారు" అని యచ్చువేసిన కాగితము మీ చేతికి వచ్చినచో, ఆ యంకె ప్రచురిత పట్టికలనుండి రాలేదని వెంటనే తెలిసికొనవచ్చును. ఈ యొక్క పరీక్షకే నా యొద్దనున్న కరపత్రములలో సగము నిలువలేదు.

దేశము మొత్తముమీద 2011లో 121 కోట్ల జనములో హిందువులు నూటికి 79.8, ముస్లిములు 14.2, క్రైస్తవులు 2.3 వంతున నుండిరి. మతము చెప్పనివారు 28 లక్షలకు పైబడి యుండిరి. ఇది యెవరిమాట? ప్రభుత్వముమాట యని తొందరపడి యనకుడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన యింటివారి మాట. దానిని వ్రాసికొన్న బడిపంతులు చేతివ్రాత. ఆ పంతుళ్లలో నేనొకడను.

2011 ఫిబ్రవరి 9 మొదలు 28 వరకు నాకొక బ్లాకు నప్పగించిరి. షెడ్యూలులో ఏడవ ప్రశ్న మతము. ఎనిమిదవ ప్రశ్న షెడ్యూల్డు కులమా, తెగయా యనునది. ఇంటివారు ఏమతమని చెప్పినచో నదియే వ్రాయవలయును గాని, గోడమీద పటమును జూచి వ్రాయరాదని మాకు శిక్షణలో జెప్పిరి. ఒక పాలెములో నొక యింటికి బోయితిని. వసారాలో యేసుక్రీస్తు పటము, దానిక్రింద బైబిలు, ఆ యింటి పెద్దకొడుకు ప్రతి యాదివారము డోలక్ వాయించునని నాకు దెలియును. మతమేమని యడిగితిని. ఇంటి యజమాని యొక నిమిష మాలోచించి, "హిందూ అనే రాసేయండి మాష్టారూ, పిల్లోడు డిగ్రీలో ఉన్నాడు" అనెను. లోపలినుండి యతని భార్య, "దేవుడి దగ్గర కూడా అదే చెప్తావా?" అనెను. అతడు నవ్వలేదు. నేను హిందువని వ్రాసితిని. మరి రెండిండ్ల యవతల నొక వృద్ధురాలు, "క్రైస్తవులమే రాయి నాయనా, పోయేదేముంది, పోయే వయసు నాది" అనెను. ఆమె దగ్గర క్రైస్తవమని వ్రాసితిని. తరువాతి గడిలో షెడ్యూల్డు కులమని వ్రాయుటకు వీలులేదు. ఏలయన షెడ్యూల్డు కులమువారు హిందూ, సిక్కు, బౌద్ధ మతములలోనే యుండవచ్చునని మా పుస్తకములో నుండెను. ఒకే వీధి, ఒకే కులము, ఒకే చర్చి. కాగితముమీద రెండు మతములు.

నా తప్పును గూడ నొప్పుకొనవలయును. మూడవనాటి సాయంకాలమునకు కాళ్లు లాగినవి. నాలుగైదిండ్లలో మత మడుగకయే, ఇంటిపేరునుబట్టి వ్రాసివేసితిని. అవి నిజముగా హిందువుల యిండ్లే కావచ్చును, కాని నేనడుగలేదు. నావలె దేశమున నెందరు పంతుళ్ల కాళ్లు లాగినవో!

ఇప్పుడు రాష్ట్రపు లెక్కను జూడుడు. 1956 మొదలు 2014 వరకు ఆంధ్రప్రదేశపు పొలిమేర దాదాపు మారలేదు, ప్రశ్నయు మారలేదు. కావున ఆ నడుమ జరిగిన లెక్కలను పోల్చుట ధర్మమే. 1961లో క్రైస్తవులు సుమారు 14 లక్షల 28 వేలు. 1971లో 18,23,436, నూటికి 4.19. 1981లో 14,33,327. 1991లో 12,16,348. 2001లో 11,81,917. 2011లో 11,29,784, నూటికి 1.34. అదే కాలమున రాష్ట్రపు జనము 1971లో 4 కోట్ల 35 లక్షలనుండి 2011లో 8 కోట్ల 46 లక్షల కెదిగినది. విభజనానంతరము మిగిలిన పదుమూడు జిల్లాలకు విడదీసి చూచినను 2011 వంతు నూటికి 1.4 లోపుననే నిలిచినది.

లెక్కలపంతులు కంటికి దీనిలో నొక వింత యున్నది. జనమంతయు నలువదేండ్లలో దాదాపు రెట్టింపైనది. క్రైస్తవులు గూడ నదే వేగమున నెదిగియున్నచో 2011 నాటికి 35 లక్షలు దాటవలయును. దాటకపోగా, మొదటి పదేండ్లలోనే దాదాపు 3 లక్షల 90 వేలు తగ్గిరి. కరవు రాలేదు; వలస రాలేదు; అన్ని లక్షలమంది చర్చి విడిచి వెళ్లినట్లు ఏ పల్లెయు జూడలేదు. పైగా ఆ కాలముననే ఊరూర క్రొత్త ప్రార్థనామందిరములు లేచినవి. కావున పుట్టుట, చచ్చుటలు కాక మరియేదో యీ యంకెను లాగినది. అది యేమి?

1936లో బ్రిటిషు ప్రభుత్వము షెడ్యూల్డు కులముల జాబితా ప్రకటించినప్పుడే భారతీయ క్రైస్తవులు దానిలో జేరరని యుండెను. 1950 ఆగస్టులో రాష్ట్రపతి ఉత్తరువు మూడవ పేరా, హిందూమతము గాక వేరొక మత మవలంబించువాడు షెడ్యూల్డు కులమువాడు గాడని చెప్పెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను జేర్చిరి. క్రైస్తవులను, ముస్లిములను జేర్చలేదు. మన రాష్ట్రమున 1970లో వెనుకబడిన తరగతుల జాబితా తయారైనప్పుడు, షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవము బుచ్చుకొన్నవారిని, వారి సంతతిని "సి" వర్గముగా జేసి నూటికి 1 వంతు కేటాయించిరి. షెడ్యూల్డు కులములకు నూటికి 15. చట్టసభలలో స్థానములు, అత్యాచార నిరోధక చట్టపు రక్షణ వేరు. గడిలో నొక్కమాట మారినచో పదునైదు ఒకటి యగును. విద్య పెరిగి, ఉద్యోగములు పాలెపు గడపదాక వచ్చినకొలది ఆ మాట ఖరీదు పెరిగినది. 1971 తరువాత అంకె దిగుటకు ముఖ్యకారణ మిదేయని నా యభిప్రాయము. కులమును మార్చని మతమార్పునకు కులమువలన గలిగిన బాధ మారునా యనునది వేరు ప్రశ్న. రంగనాథ మిశ్రా కమిషను 2007లో మతముతో నిమిత్తము లేకుండ జేర్చవలెనని చెప్పినది. 2022 అక్టోబరులో బాలకృష్ణన్ గారి కమిషను దీనినే విచారించుటకు నియమింపబడినది. దాని న్యాయాన్యాయములు మరియొకనాడు మాటలాడుకొందము.

అయితే మొదటి కరపత్రమువారు సంతోషింపవలదు. 1971 నాటి వంతునే యిప్పటికిని బట్టుకొన్నను రాష్ట్రమున వచ్చునది నూటికి 4.19 గాని యిరువదియైదు గాదు. మన డెల్టాలో రాష్ట్రముకంటె నెక్కువ యుండవచ్చును, నిజమే. నరసాపురమున గోదావరి డెల్టా మిషను 1836లో, ఏలూరున చర్చి మిషనరీ సంఘము 1854లో బని యారంభించినవి. అజరయ్యగారు 1912లో దోర్నకల్లు బిషప్పైన తరువాత మాల మాదిగ పల్లెలు గుంపులుగుంపులుగా చర్చిలో జేరినవి. కాని 2011లో పశ్చిమ గోదావరి జిల్లా జనము 39,36,966. అందులో షెడ్యూల్డు కులములవారు నూటికి సుమారు 20.6. వారిలో ప్రతియొక్కరును క్రైస్తవులే యనుకొన్నను ఇరువదియైదు కాలేదు. వారిలో నెందరో అమ్మవార్లకు జాతరలు చేయువారు, మన కొండకు మెట్లెక్కి వచ్చువారు. ఇతర కులములలో గొందరు క్రైస్తవులు గలరు గాని, వారితో నా లోటు పూడునని నాకు దోచదు. నేను వేదికమీద జెప్పిన యంకె యీ విధముగా నొక్క భాగహారమునకు గూలిపోయినది. ఆ భాగహారము రెండేండ్ల ముందు చేయుటకు నాకు బద్ధకము.

రెండవ కరపత్రమువారును సంతోషింపవలదు. నూటికి ఒకటి చిల్లర యను నంకెను సెన్ససునుండి దీసికొని, "చర్చిలో నింతకంటె నెక్కువమంది యున్నారు గనుక తక్కినవారు దొంగలు" అనుట తర్కము గాదు. సెన్ససు అడిగినది "నీ మతమేమని చెప్పెదవు" అని. చర్చి లెక్కించునది తన యొద్దకు వచ్చువారిని. ఆదివారము ప్రార్థన వినువా డందరును బాప్తిస్మము పొందినవారు గారు. పొందినవా రందరును దానినే తమ మతముగా జెప్పుకొనువారు గారు. ఒకే యింట అత్త పోలేరమ్మకు నైవేద్యము పెట్టుచుండ, కోడలు స్వస్థత కూటమునకు బోవుట మన కేమైన క్రొత్తయా? 2019-20లో ప్యూ పరిశోధన సంస్థవారు దేశమున దాదాపు 30,000 మంది పెద్దవారిని 17 భాషలలో బ్రశ్నించిరి. వారి ప్రశ్నలలో కులమునకు, మతమునకు అడ్డుగోడ లేదు. అందులో క్రైస్తవులమన్న వారిలో సుమారు మూడవవంతు తాము షెడ్యూల్డు కులమువారమని గూడ జెప్పిరి. కాగితము రెండు మాటలు చెప్పనిచ్చినచో మనుష్యుడు రెండును జెప్పును.

చర్చి పుస్తకముల మాటయు జెప్పవలయును. బాప్తిస్మపు రిజిస్టరు మంచి యాధారమే. పేరు, తేది, తల్లిదండ్రులు, సాక్షులు వ్రాసియుందురు. 1976లో నేర్పడిన యేలూరు కథోలిక మేత్రాసనము వంటివాని సభ్యసంఖ్యలు రోములో ఏటేట నచ్చగు గ్రంథమున కెక్కును. దక్షిణ ఇండియా సంఘమునకు, లూథరను సంఘమునకు, బాప్టిస్టులకు వారి వారి లెక్కలు గలవు. కాని చేరినవానిని వ్రాసినంత శ్రద్ధగా విడిచినవానిని కొట్టివేయుట యే సంస్థలోను కానరాదు. మన పఠనమందిరపు సభ్యుల జాబితాలోనే చందా కట్టనివారు పదేండ్లుగా గలరు! ఒక సంఘమున బాప్తిస్మము పొంది వేరొక సంఘమున నారాధించువాడు రెండుచోట్ల లెక్కకు వచ్చును. స్వతంత్ర సంఘములకు ఉమ్మడి రిజిస్టరే లేదు. ఇట్టి సంఘముల లెక్కలను గూర్చి, దానికి "రహస్య క్రైస్తవు"లను నంచనా జేర్చి, 1982లో డేవిడ్ బారెట్ గారు ప్రపంచ క్రైస్తవ విజ్ఞానసర్వస్వమును వెలువరించిరి. ఆ సంప్రదాయపు లెక్కలలో మన దేశ క్రైస్తవుల వంతు సెన్ససు వంతునకు దాదాపు రెట్టింపుండును. ఇదియు, సెన్ససును వేరువేరు ప్రశ్నలకు జవాబులు. రెంటిలో నొకదాని నెత్తి రెండవదానిపై గొట్టుట తప్పు.

ఇప్పుడు పొలిమేరల మాట. తాతలనాటి లెక్కతో నేటి లెక్కను పోల్చవలెనని మీలో గొందరి కుండును. మన ప్రాంతము 1901 లెక్కలో గోదావరి జిల్లాలో నున్నది. 1904 మార్పులవలన 1911, 1921 లెక్కలలో కృష్ణాజిల్లాలో జేరినది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా పుట్టినది గనుక 1931 మొదలు 2011 వరకు దానిలో నున్నది. 2022 ఏప్రిల్ 4 నుండి ఏలూరు జిల్లా. కృష్ణాలో నుండిన నూజివీడు, కైకలూరు ప్రాంతము లప్పుడు దీనిలో జేరినవి. కొల్లేటి లంకలలో గొన్నిటి పాతలెక్క కృష్ణాజిల్లా గ్రంథములలోనే వెదకవలయును. 2014లో ఖమ్మమునుండి వచ్చిన కుక్కునూరు, వేలేరుపాడు మండలములు 2011 పశ్చిమ గోదావరి గ్రంథమున నుండవు. 1985కు ముందు తాలూకాలు, తరువాత మండలములు. "కృష్ణాజిల్లాలో 1921కిని 1931కిని జనము తగ్గినది" అని యెవడైన వ్రాసినచో, తగ్గినది జనము గాదు, జిల్లా.

ఈ పొరపాటు పల్లెటూరి పంతుళ్లకే పరిమితము గాదు. 2001 మతపట్టికలు 2004 సెప్టెంబరులో ఢిల్లీలో వెలువడినప్పుడు, పదేండ్లలో ముస్లిముల పెరుగుదల నూటికి 36 అని పత్రికల కెక్కినది. దేశమున పెద్ద గగ్గోలు పుట్టినది. 1991లో జమ్మూ కాశ్మీరమున లెక్కయే జరుగలేదు; 2001లో జరిగినది. లేనిదానితో నున్నదానిని పోల్చిరి. ఆ ప్రాంతములను సరిచేసి చూడగా 36 కాదు, సుమారు 29 అని తేలినది. సవరణ వెంటనే వచ్చినది. కాని మొదటి యంకె నేటికిని ఉపన్యాసములలో దిరుగుచునే యున్నది. నేనుగూడ నొకచోట వాడినట్లు జ్ఞాపకము.

అంకె కంటె ముందే భయము పుట్టించు విద్య పాతది. 1909లో కలకత్తాలో యు. ఎన్. ముఖర్జీగారు హిందువులు నశించిపోవు జాతియని సెన్ససు సంఖ్యలతో వ్యాసములు వ్రాసిరి. ఒక పదేండ్ల వేగమును దీసికొని శతాబ్దముల దూరము గీత గీయుట వారి పద్ధతి. అదే యేట ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గములు వచ్చినవి. తల లెక్క స్థానముల లెక్క యైనది. 1910లో కమిషనరు గెయిటుగారు, ఎవరిని హిందువులుగా లెక్కింపవలెనో తెలిసికొనుటకు ప్రశ్నలు పంపగా దేశమున దుమారము లేచినది. 1931లో కాంగ్రెసువారు జనవరి 11వ తేదిని సెన్ససు బహిష్కార దినముగా బాటించిరి. మన పెద్దలలో తలుపులు మూసికొన్నవారు గలరు. ఆనాటి యుద్దేశము గొప్పదే యైనను, ఆ లెక్కను వాడునపుడు దీనిని జ్ఞప్తియందుంచుకొనవలయును. 1941లో యుద్ధమువలన పట్టికలు కుదించిరి; మతమునకు బదులు సముదాయమునుబట్టి విభజించి, కొండజాతులవారిని మతముతో నిమిత్తము లేక విడిగా జూపిరి. కావున 1931, 1941 పట్టికలను ప్రక్కప్రక్కన బెట్టి కొండజాతులు పెరిగిరి, హిందువులు తగ్గిరి యనుట తేలికయైన తప్పు.

ఇతర దేశముల సంగతి త్వరగా ముగింతును. అమెరికా జనాభా లెక్కలో మతప్రశ్న లేదు. అట్టి ప్రశ్నకు బలవంతముగా జవాబు చెప్పింపరాదని 1976లో చట్టము చేసిరి. కావున నచ్చటి తెలుగువారిలో నే మతమువా రెందరను లెక్క సర్వేలనుండి రావలసినదే. ఇంగ్లండు, వేల్సులలో 2001 నుండి ఇష్టమున్న చెప్పవచ్చునను ప్రశ్న పెట్టగా, 3,90,127 మంది తమ మతము సినిమాలోని జెడాయి యని వ్రాసిరి! లెబనానులో 1932 తరువాత అధికారికమైన జనాభా లెక్కయే జరుగలేదు. అంకె కదలినచో పదవులు కదలునని భయము.

దగ్గరలోనే మరియొక యుదాహరణము. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము ఇంటింటి సర్వే జరిపి, నూటికి 96.9 కుటుంబములు లెక్కకు వచ్చినవని, 3,54,77,554 మంది తేలిరని ప్రకటించినది. ముస్లిములలో వెనుకబడినవారు 10.08, ఇతరులు 2.48, కలిపి నూటికి 12.56. 2011 సెన్ససులో తెలంగాణ ముస్లిముల వంతు సుమారు 12.7. వేరు వేరు చేతులు, వేరు వేరు కాలములు, వేరు ప్రశ్నలు. అంకెలు దగ్గర దగ్గర. ఇట్టి చోట నమ్మకము కలుగును. ఆ మతము పేరు చెప్పినందున తెలంగాణలో కొలువు పోవు సందర్భ మరుదు గనుక జనము దాచరని గూడ నే ననుకొందును. అదే మన పాలెపు క్రైస్తవుని విషయమున సెన్ససు ఒకమాట, చర్చి యొకమాట, ఆదివారపు వీధి యొకమాట చెప్పును. జవాబునకు ధర యున్నచోట అంకె వంగును.

1948 నాటి సెన్ససు చట్టము చదివినవారికి నొక చిత్రము కనబడును. అడిగినదానికి జవాబు చెప్పుట విధి. కాని ఆ జవాబును ఇతరులు చూడరాదు. న్యాయస్థానమున సాక్ష్యముగా బనికిరాదు. కావున ఆ యింటి యజమాని భార్యమాట విని క్రైస్తవమని వ్రాయించినను, ఆ కాగితమును జూపి కుమారుని కులధ్రువపత్రమును రద్దుచేయుటకు వీలు లేదు. ఈ సంగతి నేనానాడు చెప్పియుండవలసినది. నాకే తెలియదు. తెలిసి చెప్పినను, మండల కార్యాలయపు మెట్లు పదిసార్లెక్కి దిగినవాడు చట్టపు సెక్షనును నమ్మునా, గుమాస్తా కన్నులను నమ్మునా?

కార్యదర్శిగారి యనుమతితో 2011 నాటి మండలపట్టికను, పశ్చిమ గోదావరి జిల్లా గ్రంథమును, నేను చెప్పిన యంకెలను వ్రాసికొన్న నోటుపుస్తకమును పత్రికల బల్లమీద నుంచితిని. ప్రతి యంకెకు ప్రక్కన ఏ యేడు, ఏ పొలిమేర, ఎవరడిగిరి, ఏమడిగిరి యను నాలుగు గడులు గీసితిని. ఆ రెండు కరపత్రములను గూడ నందే యంటించితిని. వాని ప్రక్కన నాలుగు గడులును ఖాళీగా నున్నవి. నోటుపుస్తకములో నా తప్పు లేవైన దొరికినచో అంచున పెన్సిలుతో గుర్తుపెట్టుడు. ఆ కుఱ్ఱవాడు నేడు సభకు రాలేదు. తాడేపల్లిగూడెములో నుద్యోగము దొరికినదట. వచ్చినపుడు మొదట నతనికే చూపవలయును.